ఆయువును తూచు లెక్క



మన పెద్దలు సంకల్పము చెప్పునపుడు ఆయువును మాత్రమే కోరరు. ఆయురారోగ్యములను జంటగా కోరుదురు. ఈ రెంటిని ఒక్క లెక్కలోనికి తెచ్చుటకు పాశ్చాత్య గణకులకు మూడు వందల యేండ్లకు పైగా పట్టినది.

1662లో లండను వర్తకుడగు జాన్ గ్రాంటు ఆ నగరపు చావుల పట్టికలను శోధించి గ్రంథము ప్రకటించెను. 1693లో జ్యోతిశ్శాస్త్రజ్ఞుడగు హేలీ, బ్రెస్లౌ పట్టణపు లెక్కలనుండి, ఏ యీడున నెందరు జీవించియుందురో తెలుపు పట్టికను కూర్చెను. 1958లో కాప్లన్, మైయరు అను అమెరికా గణకులు, పరిశీలన ముగియునాటికి బ్రతికియున్న రోగులను సైతము విడువక లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. వీరందరు కొలిచినది ఆయుఃప్రమాణమునే. మంచము పట్టిన దినమును, పొలము దున్నిన దినమును ఆ లెక్కలలో సమానములే.

1948లో అమెరికా వైద్యుడగు కార్నోఫ్‌స్కీ, సహచరులతో గూడి, రోగి శక్తికొక కొలబద్ద నేర్పరచెను: స్వస్థునకు 100, మృతునకు 0. అయినను ఆ యంకె వేయువాడు వైద్యుడే గాని రోగి కాడు.

పిదప రొమ్మునందలి రాచపుండు చికిత్సను విచారించుచు, గెల్బరు అను గణకుడును, గోల్డ్‌హిర్షు అను వైద్యుడును, వారి సహచరులును రోగి శేషాయువును మూడు పాళ్లు చేసిరి: మందు బాధించు కాలము, నెమ్మదిగానుండు కాలము, రోగము తిరుగబెట్టిన పిదపటి కాలము. 1986లో నెమ్మది కాలమునే గణించిరి. 1989లో తక్కిన రెంటికిని కొంత విలువ కట్టిరి.

ఉదాహరణ మొకటి కల్పించి చూతము. మొదటి చికిత్సచే రోగులు సగటున 40 నెలలు జీవించిరి. అందు నెమ్మది 18, బాధ 22. రెండవదానిచే 34 నెలలు; నెమ్మది 26, బాధ 8. బాధాకాలమునకు సగము విలువ కట్టినచో మొదటిది 29, రెండవది 30. తక్కువ బ్రతుకే మిన్న యగును. ముప్పాతిక కట్టినచో మొదటిది 34½, రెండవది 32, తీర్పు తారుమారగును.

మరియొక చిక్కు కలదు. మరణించినవారు ప్రశ్నలకు ప్రత్యుత్తర మీయరు. మిగిలినవారి మాటలనే సగటు కట్టినచో, రోగులందరు కోలుకొనుచున్నట్లు భ్రమ కలుగును. కావున జీవనస్థితిని మరణపు లెక్కతో ముడివేసియే చూడవలయును.

గణితము కూడికను తప్పక చేయగలదు. బాధపడిన దినమునకు విలువ యెంతయో చెప్పుట దాని వశము గాదు. అది మంచము మీది మనుష్యుడు చెప్పవలసినది. ఇంటనున్న పెద్దలు చికిత్సను నిర్ణయించునపుడు “ఎన్నాళ్లు?” అని వైద్యుని అడిగినట్లే, “ఎట్టి నాళ్లు కావలెను?” అని రోగినికూడ అడుగుట ధర్మము.