గింజ ఊరిది, పోపు మనది
(ప్రవాసాంధ్రుల వంటయింటి చరిత్ర)

మన పెద్దలు పుట్టిన గడ్డను విడిచి వచ్చినపుడు మూటలలో నేమేమి తెచ్చుకొనిరి? కొందరు ఇలవేలుపును దెచ్చిరి. కొందరు మగ్గమును, కొందరు నాగలిని దెచ్చిరి. అందరును తెలుగుమాటను దెచ్చిరి. దానితోపాటు నాలుకపై నొక రుచిని గూడ దెచ్చిరి. కాని బండి కెత్తిన గింజ యెన్నాళ్ళు వచ్చును? అది తీరిపోయిన దినమున, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు క్రొత్త యూరి సంతనుండి వచ్చిన గింజనే చేట కెత్తుకొనవలసి వచ్చెను. రాజుల దండయాత్రలు శాసనముల కెక్కినవి గాని, ఈ యిల్లాలి దినచర్య యెక్కలేదు. అయినను మనము నేటికిని తెలుగువారమై నిలిచియుండుటలో ఆమె పాలు స్వల్పము గాదు.

మన సారస్వతములో అన్నముపెట్టు ఇంటిని మిక్కిలి చక్కగా వర్ణించిన కావ్యము ఆముక్తమాల్యద. 1509 మొదలు 1529 వరకు విజయనగరము నేలిన శ్రీకృష్ణదేవరాయలు రచించిన యీ తెలుగు కావ్యమునందలి వంటయిల్లు మాత్రము తమిళ దేశములోని శ్రీవిల్లిపుత్తూరున నున్నది. అందు విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువునుబట్టి భోజనము పెట్టును. జడివానల దినములలో పొగ కంటబడకుండ కొబ్బరిడొక్కలతో మంట పెట్టి వండిన అన్నము, పొట్టుదీసిన పప్పు, వడియములు, వరుగులు. వేసవిలో గోరువెచ్చని అన్నము, తియ్యని చారు, పలుచని అంబలి, ఎడనీళ్ళు, నీరుమజ్జిగ. చలికాలములో క్రొత్తబియ్యపు టన్నము, మిరియపు పొడి, ముక్కునంటు ఆవపచ్చళ్ళు. వానకాలమున ఎండు వరుగు, వేసవిని ఎడనీరు, పంట యింటికి వచ్చిన నాడు క్రొత్త బియ్యము! ఏ కాలమునకు ఏది అనువో, ఏ నేలయందేది దొరకునో అదియే ఆ యింటి విందు. పరదేశపు వస్తువు తెప్పించి గొప్ప చూపుకొనుట ఆ గృహస్థుని మర్యాదలో లేదు.

అయితే స్థానికమైన గింజను గౌరవించుట అందరికిని ఒక్కనాటనే అలవడలేదు. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసిన చాటువులు శ్రీనాథుని పేర నేటికిని ప్రచారములో నున్నవి. వరియన్నమునకు మరగిన నాలుకకు జొన్న చిన్నతనముగా దోచెను. దీనికి బదులా యన్నట్లు 16వ శతాబ్దమున కన్నడ భక్తకవి కనకదాసు రామధాన్యచరిత్రమును రచించెను. అందు వరియు రాగియు తమలో నెవరధికులని వాదులాడుకొని శ్రీరాముని సన్నిధికి బోవును. ఆరునెలలు చెరలో నుంచిన పిమ్మట చూడగా వరి వాడిపోయెను. రాగి చెక్కుచెదరక నిలిచెను. ఇది కేవలము కవికల్పన యనరాదు. రాగులకు పురుగు పట్టుట అరుదు; పాతరలో బోసిన రాగులు ఏండ్లతరబడి నిలిచి కరవునాడు ప్రాణము నిలుపుట కర్ణాటక రాష్ట్రపు రైతు లెరిగిన విషయమే. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన కాల్షియ మున్నదని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు.

ఇక మనవారు నిలిచిన తావులను ఒక్కొక్కటిగా జూతము. విజయనగర, నాయకరాజుల కాలములలో తమిళ దేశమునకు బోయిన తెలుగు రైతులలో ననేకులు కోవిల్‌పట్టి చుట్టునున్న నల్లరేగడి భూములలో స్థిరపడిరి. కావేరి పొలములవలె అచట కాలువనీరు లేదు. సజ్జ, జొన్న, ఊద, కొర్ర, అరికె, ఇవియే ఆ నేల యిచ్చు పంటలు. తమిళు లనెడి కంబంగూళు మన సజ్జ అంబలియే. ఆ నేలను బాగుచేసికొని బ్రతికిన తెలుగువారి కథను, అట్టి కుటుంబములోనే జన్మించిన కి. రాజనారాయణన్ తమిళమున గోపల్ల గ్రామమను నవలగా రచించెను. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించెను.

కోలారు, బెంగళూరు ప్రాంతముల వారికి రాగియే ఆధారము. రాయలసీమలో సంగటి యన్నను, కన్నడమున ముద్దె యన్నను, కుండలోనిది ఒక్కటియే. సోలాపురమునకు మగ్గముతో వెళ్ళిన పద్మశాలీలకు జొన్నరొట్టె తెలంగాణముననే అలవాటైనది; మరాఠీలో దానికి భాకరి యని పేరు మారినదంతియ. వానలు వెనుదిరిగిన పిదప విత్తి, రేగడి దాచుకొన్న తడితోడనే పండు మాల్దండి జొన్న ఆ సీమ సొత్తు. ఆ జిల్లాలోని మంగళవేఢ జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు గూడ లభించెను. 1936 ఏప్రిల్ 1న ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రములో జేరిన గంజాము తెలుగువారికి, తాము చోళ్ళనెడి గింజయే పొరుగువారి మండియా. 1954 వరకు ఫ్రెంచి పాలనలో నున్న యానాములో దొరల బల్లపై నేమున్నను, మన యిండ్లలో గోదావరి అన్నము, ఎర్రనీటికి ఎదురీది వచ్చు పులస పులుసు. ఆ చేప వానకాలమునందే వచ్చును. తక్కిన నెలలలో దానికై ఎదురుచూచుటయే మర్యాద.

ఈ యుదాహరణములన్నిటిలో ఒక్క సూత్రము కనబడుచున్నది. గింజ ఊరిది, పోపు మనది. చింతపండు పులుసు, రోటిపచ్చడి, ఊరుబిండి, ఆవపెట్టిన కూర, ఇవి వంటతీరులు. ఏ నేలలో పండిన కాయకైనను ఇవి నప్పును. పూర్వులు తమ తెలుగుదనమును ఈ తీరులో నిలుపుకొనిరి. గింజ విషయమున మాత్రము తమకు చోటిచ్చిన నేలకు ఋణపడిరి. నే డనేక గృహములలో ఈ సూత్రము తలక్రిందులైనది. ఊరి రాగిని, జొన్నను మరచి, ఎచ్చటనో మరలో తెల్లగా పాలిషు పెట్టిన బియ్యమును, కర్మాగారపు సీసాలోని పచ్చడిని తెప్పించుకొని, దానినే తెలుగుదనమని సంతోషించుచున్నాము. గింజ దూరమునుండి వచ్చుచున్నది. పోపు పెట్టు చేయి మరచిపోవుచున్నది.

పాతకాలమంతయు ధర్మమయమని చెప్పుట నా యుద్దేశము గాదు. పాతరలు నిండిన యిండ్లలోనే జీతగాండ్రు అర్ధాకలితో నుండిరి. దంపుడు, తిరగలి, రోలు, ఈ బరువంతయు స్త్రీల భుజములపై బడెను. పండించిన చేతికి పండిన గింజలో న్యాయమైన పాలు అనేక తావుల దక్కలేదు. కావున ఊరి తిండిని మరల కోరునపుడు, ఊరి అన్యాయమునుగూడ మరల కోరరాదు. చేను దగ్గరగా నుండుట చాలదు. చేనిలోని మనిషికి తగిన కూలియు ముట్టవలెను.

ఈ రెండును కలిసి సాధ్యమేనా యని సందేహించువారికి జహీరాబాదు ప్రాంతము సమాధానము. తెలంగాణములో కర్ణాటక సరిహద్దుకు చేరువనున్న ఆ సీమలో 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆరంభమైనది. అందు ముఖ్యముగా బీద దళిత స్త్రీలు గ్రామసంఘములుగా జేరి, పడావుపడిన భూములను సాగులోనికి దెచ్చిరి. జొన్న, కొర్ర, సామ, కంది మున్నగువానిని కలిపి పండించి, విత్తనమును తామే దాచుకొని, ఊరిలో పండిన జొన్నను ఊరి బీదలకే తక్కువ ధరకు పంచు ఏర్పాటు చేసికొనిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటర్ బహుమానము వచ్చెను. ఒడిశాలోను 2017 నుండి ప్రభుత్వము గజపతి, రాయగడ, కోరాపుట్టు మున్నగు జిల్లాలలో రాగిపంటను ప్రోత్సహించి కొనుగోలు చేయ నారంభించెను. 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రపంచమంతయు జరుపుకొనెను. మన అవ్వల అంబలికి ఇంత ఆలస్యముగా మన్నన లభించెను!

మన సంఘములు చేయదగిన పనులు స్వల్పములే. ప్రతి గృహమున పెద్దవారి నడిగి, వారు చిన్ననాట తినిన గింజల పేరులను, వండిన తీరులను వ్రాసి యుంచవలెను. ఆ పేరులు తెలిసినవారు ఏటేట తగ్గుచున్నారు. ఉగాది విందులో ఒక్క వంటకమైనను చుట్టుపట్ల రైతుకు సరియైన ధర నిచ్చి తెచ్చిన ధాన్యముతో జేయవలెను. ఆ రైతు కన్నడిగుడు గావచ్చును, తమిళుడు గావచ్చును, ఒరియావాడు, మరాఠీవాడు గావచ్చును. పంక్తిలో ఆయనకును ఒక విస్తరి వేయవలెను. పోపు పెట్టుట కొమార్తెలకే గాక కొమారులకును నేర్పవలెను.

మనకు చోటిచ్చిన నేల గింజ నిచ్చినది. విడిచివచ్చిన నేల పోపు నిచ్చినది. ఈ రెండును ఒక్క కుండలో ఉడుకుచున్నంతకాలము మనము ఇచ్చట పరాయివారము గాము, అచ్చటివారికి దూరమును గాము.