ఊరి టీచరమ్మ చేతిలో అంగన్‌వాడీ

సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశమంతటా 33 ప్రాజెక్టులతో మొదలైంది. అప్పట్లో కర్ణాటకకు దక్కింది ఒక్కటే, మైసూరు జిల్లా టి.నరసీపుర. మన బాగేపల్లి, చింతామణి అప్పటికి కోలారు జిల్లాలోవి. అవి ఇప్పుడున్న చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది 2007లో. పథకం మన పల్లెలకు వచ్చినప్పుడు, అంగన్‌వాడీ టీచరు ఆ ఊరి ఆడమనిషే కావాలన్న నియమం కూడా వెంట వచ్చింది. ఆంధ్ర సరిహద్దులోని ఈ తాలూకాలకు ఆ నియమం చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఇక్కడ చాలా ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం. టీచరమ్మ కన్నడ పాట నేర్పిస్తూనే, ఏడ్చే బిడ్డను తెలుగులో బుజ్జగిస్తుంది. తూకం వేసే రోజు చూడాలి. కొక్కేనికి తగిలించిన సంచిలో కూర్చోబెట్టగానే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు, ముల్లు నిలవదు. "ఏం కాదు నాయనా, ఇట్ల చూడు" అంటూనే ముల్లు ఆగిన క్షణంలో అంకె చదివి, చార్టులో చుక్క పెడుతుంది. చుక్క పచ్చ గీత దిగి పసుపులో పడితే, ఆ సంగతి తల్లికి చెప్పడంలో ఉంది అసలు పనితనం. తెల్లారకముందే టొమాటో కోతకు పోయే మనిషిని తప్పుపడితే మళ్లీ కేంద్రం గడప తొక్కదు. రాగిముద్దతో ఇంత పప్పు పెట్టమ్మా, వీలైతే గుడ్డు పెట్టు అంటే వింటుంది. తూకం, చార్టు శిక్షణలో వస్తాయి. ఈ మాటతీరు పాత టీచర్ల పక్కన కూర్చుంటేనే వస్తుంది. కొత్తగా చేరినవాళ్లను కొన్నాళ్లు వాళ్ల దగ్గరే ఉంచాలి.

టీకాలకు ఏఎన్ఎం, ఇంటింటికీ ఆశా, బాలవికాస సమితిలో తల్లులు తోడున్నారు. 2013లో క్షీరభాగ్య పథకం కింద పిల్లలకు పాలు వచ్చాయి. 2017 అక్టోబరు 2 నుంచి మాతృపూర్ణ కింద గర్భిణులకు, బాలింతలకు మధ్యాహ్నం వేడి భోజనం పెడుతున్నారు. అయితే దాన్ని కేంద్రానికి వచ్చి తినాలి, కూలికి పోయిన మనిషికి అది కష్టమే. పంచాయతీ చేయాల్సిందీ ఉంది. బాగేపల్లి వైపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, పసిపిల్లలు తాగే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో సభ్యులే వచ్చి చూడాలి.

డబ్బు సంగతికి వస్తే నాకు బాధ ఆగదు. టీచరుకు ఇచ్చేది ఇప్పటికీ గౌరవధనమే, జీతం కాదు. అందులో కేంద్ర ప్రభుత్వ వాటా లెక్కకట్టే మొత్తాన్ని 2018 అక్టోబరులో నెలకు 4,500 రూపాయలు చేశారు. దానిపైన రాష్ట్రం కలుపుతుంది. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చాక రిజిస్టర్లకు తోడు ఫోనూ చేతికొచ్చింది. అంగన్‌వాడీ టీచర్లకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 25న తీర్పు చెప్పింది. ఆ హక్కు ఉద్యోగిదే అయినప్పుడు, జీతం, పింఛను కూడా ఉద్యోగికి ఇచ్చినట్టే ఇవ్వాలి. పథకానికి యాభై ఏళ్లు నిండాక కూడా రెండు ప్రభుత్వాలనూ మనం అడగాల్సింది అదే.