జివెర్నీ ఇంట్లో బ్లాంష్

క్లోద్ మోనే గురించి ఏది చదివినా జివెర్నీ తోట దగ్గరికే తీసుకెళ్తారు. 1883లో అద్దెకు దిగిన ఇంటిని 1890లో కొన్నాడు. 1893లో రైలుపట్టాల అవతల స్థలం కొని కొలను తవ్వించాడు. దాదాపు 250 కలువల చిత్రాలు ఆ నీళ్ళలోంచే వచ్చాయి. ఇల్లే ఆయన స్టూడియో అంటారు. నిజమే. ఆ ఇంటిని నడిపిందెవరని అడగాలనిపిస్తుంది నాకు.

తన ఆరుగురు పిల్లలనీ, మోనే ఇద్దరు కొడుకులనీ పెంచుతూ ఆ సంసారం ఈదింది ఆలిస్ ఒషెదే. వాళ్ళ పెళ్ళి 1892లో గానీ కాలేదు. పదకొండున్నరకల్లా బల్ల మీద భోజనం ఉండాలి. వెలుగు ఆగదు కదా మరి!

ఆలిస్ కూతురు బ్లాంష్ కూడా చిత్రకారిణే. మోనే కాన్వాసులు మోసి, ఆయన పక్కనే తన ఈజిల్ వేసుకునేది. 1897లో ఆయన పెద్దకొడుకు జాఁని పెళ్ళాడింది. 1911లో ఆలిస్, 1914లో జాఁ చనిపోయాక ముసలి మోనేనీ, ఆ ఇంటినీ చూసుకోవడానికి జివెర్నీ తిరిగొచ్చింది. ఆయన కంటిశుక్లాలతో పెనుగులాడుతూ భారీ కలువలు వేసిన ఆ పన్నెండేళ్ళూ ఆమె కుంచె దాదాపు మూలపడింది. మోనే స్నేహితుడు క్లెమెన్సో ఆమెను నీలి దేవదూత అన్నాడు. దేవదూతకి సొంత పని ఉంటుందని ఎవరికి తోస్తుంది?

1926లో మోనే పోయాక బ్లాంష్ మళ్ళీ రంగులు కలిపింది. అప్పటికామెకు అరవై దాటాయి. 1947లో చనిపోయేదాకా ఆ ఇల్లూ, ఆ తోటా వేస్తూనే ఉంది, ఈసారి తన కోసం.