పీపాల పడవ మీద ఒక సందెవేళ

మా మాతామహులు రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం వైపు తిరిగే లాంచీ మీద ముప్ఫై ఏళ్ళు సరంగుగా పనిచేశారు. ఆ కొలువు మానిన తరువాత ఆయన మళ్ళీ పడవ ఎక్కగా మేమెవరమూ చూడలేదు. పాపికొండలు చూసి వద్దాం రమ్మని మనుమలందరం కలిసి బతిమాలితే, "పొట్టకోసం ఎక్కినదాన్ని సరదాకి ఎక్కమంటారేమిట్రా" అని కసురుకునేవారు. పోయిన జూన్ నెలలో పోర్చుగల్ దేశంలోని పోర్టో నగరంలో, డౌరో నది మీద సూర్యాస్తమయం చూడడానికి సొమ్ము చెల్లించి మరీ పడవ ఎక్కుతున్నప్పుడు నా చెవిలో మోగింది ఆ మాటే.

పడవలో మేము మొత్తం ఎనిమిదిమందిమి. నడిపేవాడు ఒక్కడే, సారె తిప్పేవాడూ వాడే, గ్లాసుల్లో వైను వంచేవాడూ వాడే. (వైను సంగతి ఇంట్లో చెప్పే వెళ్ళాను కనుక చదువరులు కంగారుపడనక్కరలేదు.) అక్కడ జూన్ మాసంలో రాత్రి తొమ్మిది దాటితే గానీ సూర్యుడు కుంగడు. రెండు గంటల విహారం. నదికి ఉత్తరపు గట్టున పోర్టో, దక్షిణపు గట్టున గాయా. మేము ఎక్కింది గాయా రేవులో.

ఆ రేవులో వరసగా కట్టేసి ఉన్న పాత పడవలను చూసే ఈ వ్యాసం రాయాలనిపించింది. వాటిని రబేలోలు అంటారు. పోర్చుగీసు భాషలో 'రాబో' అంటే తోక. పడవ వెనక తోకలా సాగిన పొడవాటి చుక్కాని తెడ్డును బట్టి ఆ పేరు. అడుగు చదునుగా ఉంటుంది, దూలం ఉండదు. రాళ్ళమధ్య తక్కువ లోతులో జారిపోవడానికి ఆ ఏర్పాటు. మధ్యలో ఒక నలుచదరపు తెరచాప. సరుకు మీదుగా నది కనబడడానికి వెనక ఎత్తయిన మంచె. దానిమీద నిలబడి తెడ్డు పట్టేవాడు. ఇప్పుడు ఆ తెరచాపల మీద వైను కంపెనీల పేర్లు పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. ఏడాదికొకసారి జూన్ 24న, సెయింట్ జాన్ పండుగనాడు, వాటికి పందెం పెడతారు. మిగతా రోజుల్లో అవి నీటిమీద తేలే ప్రకటన పలకలు. మమ్మల్ని ఎక్కించుకున్నది ఆ నమూనాలో కట్టిన చిన్న మోటారు పడవ.

పోర్టు వైనుకు ఆ పేరు ఈ ఊరివల్లే వచ్చింది గానీ, ద్రాక్షతోటలు ఉన్నది ఇక్కడ కాదు. నది వెంట తూర్పుగా ఎంతో దూరం పోతే పలకరాతి కొండల మీద మెట్లుమెట్లుగా చెక్కిన తోటలు వస్తాయి. అక్కడ రసం పులుస్తుండగా మధ్యలో సారాయి కలిపి పులియడం ఆపేస్తారు. అందుకే తీపి మిగులుతుంది. పాత లెక్క ప్రకారం 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారాయి. రెండూ కలిస్తే 550 లీటర్లు, ఒక పీపా. ఆ పీపాలు కొండల్లోంచి గాయా గోదాముల నీడకు చేరాలి. రైలు లేదు, బండ్లకు తగిన బాట లేదు. ఉన్నది నది ఒక్కటే.

దీనికంతకూ రాజకీయం కలిసి వచ్చింది. 1703లో ఇంగ్లండుకూ పోర్చుగల్‌కూ కుదిరిన మెథ్యుయెన్ ఒడంబడిక ప్రకారం ఇంగ్లీషు ఉన్ని బట్టలకు ఇక్కడ తలుపులు తెరిచారు. ప్రతిగా పోర్చుగీసు వైనుకు అక్కడ ఫ్రెంచి వైనుకంటే మూడోవంతు తక్కువ సుంకం. ఇంగ్లీషు వర్తకులు గాయాలో తిష్ఠ వేశారు. లాభం పెరగగానే కల్తీ కూడా పెరిగింది. 1756లో ప్రధానమంత్రి పొంబాల్ ఒక రాచ కంపెనీ పెట్టించి, ఏ కొండలో పండినది అసలు సరుకో హద్దులు గీయించి, 335 గ్రానైటు రాళ్ళు పాతించాడు. అదే కంపెనీకి పోర్టో ఊళ్ళో వైను అమ్మే గుత్తాధికారం కూడా కట్టబెట్టేసరికి, 1757 ఫిబ్రవరిలో పూటకూళ్ళ అంగళ్ళవాళ్ళు, కూలిజనం తిరగబడ్డారు. పొంబాల్ పలువురిని ఉరి తీయించాడు. హద్దురాళ్ళు వేసినందుకు ఆయనను నేటికీ పొగుడుతారు. రెండో సంగతి మా పడవవాడు చెప్పలేదు. అది నేను ఊళ్ళో పుస్తకాల షాపులో చదువుకున్నదే.

పడవ ఎదురీదుతూ లూయిష్ మహారాజు పేరిటి ఇనుప వంతెన కింద దూరింది. 1886 నాటిది, 172 మీటర్ల కమాను. అందరూ తలలెత్తి ఫొటోలు తీస్తున్నారు. నేను ఎడమగట్టున కిందికి చూశాను. గోడకు ఒక కంచు ఫలకం, దాని ముందు వెలుగుతున్న కొవ్వొత్తులు. ఇదే చోటి దగ్గర పూర్వం ఇరవై పడవలను జతచేసి కట్టిన వంతెన ఉండేది. 1809 మార్చి 29న నెపోలియన్ సేనాని సూల్ట్ ఊరిమీద పడ్డప్పుడు జనం ఆ వంతెన మీదుగా గాయా వైపు పరుగెత్తారు. వంతెన తెగింది. వెనకనుంచి వస్తున్నవాళ్ళకు ముందు ఏమయిందో తెలియదు, తోసుకుంటూనే వచ్చారు. చనిపోయినవారిని వేలల్లో చెబుతారు. ఆ ఫలకం 1897లో పెట్టినది. ఎవరు వెలిగిస్తారో గానీ ఆ కొవ్వొత్తులు రెండు వందల ఏళ్ళు దాటినా ఆరలేదు.

ఇంకొంచెం పైకి పోతే కుడిచేతి వైపు సెర్రా దు పిలార్ మఠం, ఎడమ గట్టు కొండకొమ్మున బిషప్పుగారి పాత విద్యాలయం. ఆ రెంటి మధ్య నీటిమీదే, ఘోరం జరిగిన ఆరు వారాలకు, 1809 మే 12న ఇంగ్లీషు సేనాని ఆర్థర్ వెల్లెస్లీ నది దాటాడు. ఈ పేరు మనకు కొత్తది కాదు. 1799లో శ్రీరంగపట్నం దండయాత్రలో హైదరాబాదు నిజాం పంపిన సేనకు నాయకత్వం వహించినవాడు ఈయనే. 1803లో అస్సాయి దగ్గర మరాఠాల మీద గెలిచినదీ ఈయనే. అక్కడ కైల్నా నది అడ్డం వచ్చింది. రేవు లేదని దారి చూపేవాళ్ళు చెప్పారు. రెండు గట్ల మీదా ఎదురెదురుగా రెండు పల్లెలు కనబడితే, మధ్యలో దాటే చోటు ఉండకుండా ఎలా ఉంటుందని ఊహించి సైన్యాన్ని నడిపించాడు. ఆ ఊహ నిజమైంది. ఆ కైల్నా నీళ్ళు పూర్ణలోకి, పూర్ణ నీళ్ళు గోదావరిలోకి వస్తాయి. అంటే చివరకు మా తాతగారి లాంచీ కిందికే. ఆనాటి మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు కూడా ఉండేవారు గనుక ఆ నీళ్ళలో మనవాళ్ళ కాళ్ళూ తడిసే ఉంటాయి.

డౌరో దగ్గర ఊహతో పని జరగలేదు. ఫ్రెంచివాళ్ళు పడవలన్నిటినీ తమ గట్టుకు లాగేసుకున్నారు. ఊళ్ళోని ఒక మంగలి చిన్న దోనెలో తప్పించుకు వచ్చి, కాపలా లేనిచోట నాలుగు పడవలు ఉన్నాయని చెప్పాడు. అవి వైను పీపాలు మోసే పడవలు. కొందరు ఊరివాళ్ళు వెళ్ళి వాటిని తెచ్చారు. ఒక్కో విడతకు పాతిక ముప్ఫైమంది చొప్పున సైనికులు ఆవలికి చేరి విద్యాలయంలో దూరేదాకా సూల్ట్‌కు తెలియదు. ఆ సాయంత్రానికి ఊరు చేతులు మారింది. ఆ యేడాదే వెల్లెస్లీకి దొరికిన బిరుదుల్లో ఒకటి 'డౌరో బేరన్'. నది పేరు ఆయన ఇంటిపేరు పక్కన చేరింది. మంగలి మాత్రం చరిత్ర పుస్తకాల్లో మంగలిగానే మిగిలిపోయాడు.

తరువాతది మరియా పియా వంతెన, 1877లో ఐఫెల్ కంపెనీ కట్టినది. దానిమీద ఇప్పుడు రైళ్ళు తిరగడం లేదు. 1991లో పక్కన కొత్తది కట్టారు. రబేలోలను చంపినది రైలే అంటారు. 1887కు డౌరో లోయ పొడవునా స్పెయిన్ సరిహద్దు దాకా పట్టాలు వెళ్ళాయి. అయినా పడవలు వెంటనే పోలేదు. ఇరవయ్యో శతాబ్దం నడిమిదాకా, పీపాలు మోస్తూ, తగ్గుతూ తగ్గుతూ బతికాయి.

ఫ్రెయిషు వంతెన దగ్గర పడవ వెనుదిరిగింది. పడవవాడు ఇంజను తగ్గించి తెల్ల పోర్టు వైను పోశాడు. నది అద్దంలా ఉంది. "ఎప్పుడూ ఇంత నెమ్మదేనా?" అని అడిగాను. "ఇప్పుడు పైనంతా చెరువే" అన్నాడు నవ్వుతూ. ఆ మాట దగ్గరే నా విహారం ముగిసిందనుకోవచ్చు. తరువాత నేను చూసినది సూర్యాస్తమయం కాదు, ఆ చెరువు కింద ఉన్న నది.

పూర్వం ఆ దారిలో వాలెయిరా అనే చోట రెండు కొండల మధ్య నది ఇరుకై, బండ అడ్డుపడి, జలపాతంలా ఉరికేది. పడవ దానిని దాటలేదు. పైదేశపు సరుకు పైనే ఉండిపోయేది. 1780లో ఆ బండను పగలగొట్టడం మొదలుపెట్టారు. 1792 దాకా పట్టింది. సరిగ్గా ఒక పుష్కరకాలం! ఆ సంవత్సరాలు అక్కడి కొండరాతి మీద రాణిగారి పేరుతో చెక్కి ఉన్నాయి. దారి ఏర్పడింది గానీ సుడి పోలేదు. కిందికి వచ్చేటప్పుడు తెడ్డు పట్టినవాడి చేయి ఒక్క క్షణం తప్పితే పీపాలూ మనుషులూ రాళ్ళపాలు. పైకి పోయేటప్పుడు గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు వెంట తాళ్ళు పట్టి మనుషులు, ఎడ్లు లాగడం.

జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అనే వైను వర్తకుడు ఇంగ్లండులో పుట్టినది వెల్లెస్లీ నది దాటిన ఆ 1809 మే నెలలోనే. ఇరవై రెండో యేట పోర్టో చేరాడు. వైనులో కలుపుతున్న సారాయినీ రంగులనూ తప్పుపడుతూ 1844లో కరపత్రం వేసి తోటి వర్తకులకు శత్రువయ్యాడు. తానే పడవలో తిరుగుతూ డౌరో నదికి వంపు వంపునా, రాయి రాయినా పటం గీసి 1848లో అచ్చువేయించాడు. పోర్చుగల్ రాజు ఆయనను బేరన్ చేశాడు. 1861 మే 12న ఆయన పడవ వాలెయిరా దగ్గర తలకిందులైంది. పటంలో ఆ చోటును ఆయన ఎంతో శ్రద్ధగా గీసినవాడే. శవం దొరకలేదు. నడుముకు కట్టుకున్న బంగారు నాణేల బరువుకు మునిగిపోయాడని అక్కడి కథ. అదే పడవలో ఉన్న డోనా అంతోనియా ఫెరెయిరా బతికింది. లోయలో పేరుమోసిన తోటల యజమానురాలు ఆమె. ఆమె గుబురు లంగా గొడుగులా తేల్చిందని ఇంకొక కథ.

ఈ కథ ప్రతి వైను గోదాములోనూ చెబుతారు. వినడానికి ఇంపుగా ఉంటుంది: బంగారం ముంచింది, బట్ట తేల్చింది. అయితే నాకు నచ్చనిది ఒకటుంది. ఆ సుడిలో అంతకుముందూ తరువాతా పోయినవాళ్ళు పటాలు గీసినవాళ్ళు కారు. వాళ్ళ నడుములకు నాణేలు లేవు. వాళ్ళకు కథ కూడా లేదు.

1970లలో, 80లలో పోర్చుగీసు డౌరో మీద ఐదు ఆనకట్టలు లేచాయి. వాటిలో ఒకటి వాలెయిరాలోనే. నీళ్ళు నిండి సుడులన్నీ అడుగున పడిపోయాయి. పడవలు ఎక్కడానికి దిగడానికి లాకులు కట్టారు. కర్రపటేలు లాకు 35 మీటర్ల లోతు. ధవళేశ్వరం లాకులు ఎరిగిన మనకు ఆ అంకె వింటే గుండె జల్లుమంటుంది. ఇవాళ విహార నౌకలు ఆ చెక్కిన కొండరాయి పక్కనుంచి, గ్లాసు తొణకకుండా పోతాయి. చెడ్డదంటానా? అనలేను. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉన్నప్పుడు, పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర మునిగి యాభైమంది దాకా పోయారు. ఆ చోటి పేరు నేను చిన్నప్పుడే తాతగారి నోట విన్నాను. అక్కడికి రాగానే లాంచీలో మాటలు ఆపించేవారట. అప్పటికి ఆయన కాలం చేసి చాలా ఏళ్ళైంది. టీవీలో ఆ పేరు చదువుతుంటే మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ దిగువకు వచ్చాము. అర్రాబిడా కమాను కింద నది సముద్రం కేసి వెడల్పవుతుంది. సూర్యుడు అక్కడ కుంగాడు. బాగుంది, వర్ణించే ఓపిక నాకు లేదు, ఆ పని ఫొటోలు తీసినవాళ్ళు చేస్తారు. నా గ్లాసు సగంలోనే ఉండిపోయింది.

గాయా రేవులో పడవ గట్టుకు తగులుతుండగా, నేను అంచున ఉన్నానని కాబోలు, పడవవాడు తాడు నాకేసి విసిరాడు. గూటానికి చుట్టి ముడి వేశాను. చిన్నప్పుడు నులకమంచం కోడుకు తాతగారు వేయించి, విప్పించి, మళ్ళీ వేయించిన ముడి. పడవవాడు వచ్చి ఒకసారి గుంజి చూశాడు. దానిని అలాగే వదిలేసి గ్లాసులు ఏరుకోవడానికి వెళ్ళిపోయాడు.