63 శాతం దగ్గర ఆగిపోయిన సీడీ

మొన్న అటక సర్దుతుంటే సీడీల పౌచ్ ఒకటి దొరికింది. మా అబ్బాయి ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, "ఇది దేనికి నాన్నా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. 2008లో మ్యాక్‌బుక్ ఎయిర్ సీడీ డ్రైవ్ లేకుండా వచ్చినప్పుడు అందరం ఎగతాళి చేశాం. 2015లో విండోస్ 10 డబ్బా కొంటే లోపల యూఎస్‌బీ పుల్ల ఉంది. ఇప్పుడు అది కూడా అక్కర్లేదు, అంతా డౌన్‌లోడే. వాడికి ఏదో చెప్పి పంపించాను కానీ, ఆ పౌచ్‌లోని ఒక సీడీ నన్ను 2003 దాకా లాక్కెళ్ళింది.

అప్పుడు విజయవాడలో ఎంసీఏ చదువుతున్నాను. మా నాన్న పీఎఫ్ మీద లోన్ తీసి అసెంబుల్డ్ సిస్టమ్ కొనిచ్చారు. ప్రాజెక్టు కోసం డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. ఫ్రెండ్ దగ్గర మూడు సీడీలు తెచ్చాను. మొదటిది బాగానే అయింది. రెండోది 63 శాతం దగ్గర ఆగింది. మౌస్ కదలదు, కంట్రోల్ ఆల్ట్ డిలీట్‌కి ఉలుకూ పలుకూ లేదు. డ్రైవ్ మాత్రం గుర్రుమని తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం. రీసెట్ కొట్టి మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ 63. నాలుగుసార్లు అంతే.

వెనక నాన్న నిలబడి ఉన్నారు. "అంత డబ్బు పోశాం, అప్పుడే పాడైందా?"

తెలీదు అనడానికి నామోషీ. ఎంసీఏ చదువుతున్నానాయె! "షాపువాడు పాత ర్యామ్ అంటగట్టి ఉంటాడు నాన్నా" అనేశాను.

సరే, కథ ఇక్కడ ఆపి కాస్త చరిత్ర చెప్తాను. ఆ 63 శాతం దగ్గర ఏం జరిగిందో అర్థం కావాలంటే అది కావాలి.

1960లో అమెరికాలో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో పనిచేసే ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు ఐదు పేజీల పేపరు ఒకటి రాశారు. పంపే సమాచారానికి కొంత లెక్క జోడించి పంపితే, దారిలో కొంత పాడైనా అవతలివాడు అసలుది తిరిగి రాబట్టుకోవచ్చు అన్నది దాని సారాంశం. అప్పట్లో దాన్ని వాడేంత హార్డ్‌వేర్ లేదు. 1986లో వాయేజర్ 2 యురేనస్ దగ్గర్నుంచి ఫొటోలు పంపినప్పుడు ఈ కోడే వాడారు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1982లో, ఫిలిప్స్, సోనీ కలిసి తెచ్చిన ఆడియో సీడీలో అదే లెక్క సామాన్యుడి ఇంటికొచ్చింది. ట్రాక్ వెంబడి దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర గీత పడినా పాట చెక్కుచెదరదు.

మరి గీత అంతకన్నా పెద్దదైతే? ఆడియో ప్లేయర్ గడుసుది. పోయిన ముక్కకి ముందూ వెనకా ఉన్న విలువలు చూసి మధ్యది ఊహించేస్తుంది. మన చెవి పట్టుకోలేదు. ప్రోగ్రామ్ ఫైల్‌తో ఈ ఆటలు సాగవు. ఒక్క బిట్ ఊహించినా మొత్తం ఫైల్ చెత్తే. అందుకే సీడీ రామ్ ప్రమాణం రాసినప్పుడు ఇంకో కాపలా పెట్టారు. ఒక సెక్టారులో 2352 బైట్లుంటే, డేటాకి 2048 మాత్రమే ఇచ్చి, తప్పులు పట్టి దిద్దుకోవడానికి 280 బైట్లు వాడారు. 74 నిమిషాల సీడీలో సెకనుకి 75 సెక్టార్లు. లెక్కేసుకోండి, మనకి గుర్తున్న ఆ 650 ఎంబీ అక్కడే వస్తుంది. 1988లో ఫైళ్ళ అమరికకి ఐఎస్ఓ 9660 ప్రమాణం కూడా వచ్చాక, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే సీడీలు తేలికయ్యాయి. విండోస్ 95 ఫ్లాపీల్లో 13 వచ్చేది, సీడీలో ఒక్కటి. పెద్ద సాఫ్ట్‌వేర్ అంతా సీడీకి మారిపోయింది.

ఈ కాపలాలు కూడా ఓడిపోతే డ్రైవ్ ఊహించదు. వేగం తగ్గించి మళ్ళీ చదువుతుంది, మళ్ళీ, మళ్ళీ. నాకు వినపడిన గుర్రు అదే. అంతవరకు బాగానే ఉంది, మరి కంప్యూటర్ మొత్తం ఎందుకు బిగుసుకుపోవాలి?

ఆ రోజుల ఐడీఈ కేబుల్ గుర్తుందా? బల్లపరుపు బూడిద రంగు పట్టీ. ఒకే పట్టీకి మాస్టర్‌గా హార్డ్ డిస్క్, స్లేవ్‌గా సీడీ డ్రైవ్. ఆ దారిలో ఒకసారి ఒకరే మాట్లాడాలి. సీడీ డ్రైవ్ గీతతో కుస్తీ పడుతున్నంతసేపూ హార్డ్ డిస్క్ తన వంతు కోసం నిలబడాలి. హార్డ్ డిస్క్ ఆగితే విండోస్ ఆగినట్టే.

మళ్ళీ మా ఇంటికొద్దాం. షాపు కుర్రాడు వచ్చాడు. నా వయసే ఉంటుంది. నాన్న ముందే పాత ర్యామ్ వేశావని నిలదీశాను. ఏమీ అనకుండా ర్యామ్ మార్చాడు. మళ్ళీ 63. మర్నాడు మళ్ళీ వచ్చి, సీడీ డ్రైవ్‌ని రెండో కేబుల్ మీదకి మార్చాడు. ఈసారి మౌస్ కదిలింది, బార్ మాత్రం 63 దగ్గరే.

"ర్యామ్ పోతే ఒక్కోసారి ఒక్కోచోట ఆగుద్దండి. వేడెక్కినా అంతే. ఎప్పుడూ ఒకేచోట ఆగుతుందంటే సీడీ చూడండి" అన్నాడు. సీడీ తీసి లైటు కిందపెట్టి చూపించాడు. గుండ్రంగా, ట్రాక్ వెంటే పోయిన గీత. అడ్డంగా పడ్డ గీతని లెక్క దాటేస్తుంది, ట్రాక్ వెంబడి పోయినదాన్ని దాటలేదు. (అందుకే సీడీని మధ్యనుంచి అంచుకి తుడవమంటారు, గుండ్రంగా కాదు.)

వేరే ఫ్రెండ్ దగ్గర సీడీ తెచ్చాను. 63 దాటింది, కానీ నత్తనడక! దానికీ కారణం ఉంది. డ్రైవ్ నుంచి తప్పులూ టైమవుట్‌లూ ఆరు పోగైతే విండోస్ ఎక్స్‌పీ జాగ్రత్తకి డీఎంఏ వేగాన్ని మెట్టు మెట్టుగా దించుతుంది. ఇంకా వస్తూనే ఉంటే పీఐఓ మోడ్‌కి దిగిపోతుంది. అప్పుడు ప్రతి ముక్కనీ ప్రాసెసరే మోయాలి. మంచి సీడీ పెట్టినా ఆ అనుమానం పోదు. డివైస్ మేనేజర్‌లో ఆ ఐడీఈ చానల్ తీసేసి రీస్టార్ట్ చేస్తే గానీ మామూలవలేదు. ఆ సంగతి కూడా ఆ కుర్రాడే ఫోన్లో చెప్పాడు.

ఆ సాయంత్రం నాన్న అడిగారు, "ఏమైందిరా?" అని. "సరిచేశాను" అన్నాను. అంతే అన్నాను. గీత పడ్డ సీడీ తెచ్చింది నేనేనని చెప్పలేదు. నాన్న మాత్రం ఆఫీసులో అందరికీ చెప్పారు, ఆ షాపులో కొనొద్దు, పాత సరుకు వేస్తారు అని. మా బాబాయి, ఇంకో ఇద్దరు కొలీగ్స్ వేరేచోట కొన్నారు. రెండేళ్ళ తర్వాత అటు వెళితే ఆ షాపు లేదు. మావల్లే మూతపడిందని అనను, కానీ ఆ కుర్రాడి పేరు కూడా అడగలేదు నేను.

ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. అర్ధరాత్రి సర్వర్ పడిపోయి, కాల్‌లో పదిమంది ఉండి, మేనేజర్ "ఎవరి తప్పు?" అన్నప్పుడు నోటికొచ్చిన పేరు చెప్పాలనిపిస్తుంది. తెలియని ముక్కని ముందూ వెనకా చూసి పూరించేయడం ఎంత తేలికో! ఆ సీడీ డ్రైవ్ ఆ పని చెయ్యలేదు. చదవలేకపోయింది, ఆగిపోయింది. ఊహించింది నేను.

మా అబ్బాయికి ఆ సీడీ ఇచ్చాను. లైటు కింద పట్టుకుంటే గీత ఇప్పటికీ కనిపిస్తుంది. నాన్నకి మాత్రం ఈ ఆదివారం ఫోన్ చేసి చెప్పాలి.