చెరువులో కైట్‌బోర్డింగ్.. గాలి ఉంటే సరిపోదు! ఎక్కడి నుంచి కైట్ లేపాలో తెలుసా?

ఐరాల (చిత్తూరు జిల్లా): పెద్ద గాలిపటం, కాళ్ళ కింద చిన్న బోర్డు, నీళ్ళ మీద రయ్యిమని దూసుకెళ్ళే మనిషి.. ఫోన్లో ఈ వీడియోలు చూసిన కుర్రాళ్ళకి వచ్చే మొదటి డౌట్ ఒకటే. 'మన ఊరి చెరువులో చేయొచ్చా?' చేయాలంటే ముందు తేలాల్సింది కైట్ ఖరీదు కాదు, దాన్ని ఎక్కడి నుంచి గాల్లోకి లేపాలి అన్నది. ఈ ఆటలో చాలా ప్రమాదాలు జరిగేది నీళ్ళ మధ్యలో కాదు.. ఒడ్డు మీద, ఒడ్డు పక్కనే.

అసలు ఏంటీ ఆట?

ఫ్రాన్స్‌కు చెందిన లెగన్యూ సోదరులు గాలి నింపే కైట్‌కు 1984లో పేటెంట్ తీసుకున్నారు. 1990ల చివరికి ఇది ప్రపంచమంతా పాకింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి పతకాల ఆట అయ్యింది. మార్సెయ్ తీరంలో జరిగిన ఆ పోటీల్లో పురుషుల స్వర్ణం ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బొంటుస్‌కు, మహిళల స్వర్ణం బ్రిటన్‌కు చెందిన ఎల్లీ ఆల్‌డ్రిడ్జ్‌కు దక్కాయి.

సంక్రాంతి గాలిపటంతో దీన్ని పోల్చకూడదు. ఇక్కడ దారం చేతిలో ఉండదు, నడుముకు కట్టిన పట్టీకి తగిలించి ఉంటుంది. దారాల పొడవు 20 నుంచి 25 మీటర్ల దాకా ఉంటుంది. గాలి వేగం రెట్టింపైతే లాగే బలం నాలుగు రెట్లు అవుతుంది. అంటే గంటకు 20 కిలోమీటర్ల గాలి ఒక్కసారిగా 40కి పెరిగితే, అప్పటిదాకా నిలబడ్డ మనిషి గాల్లోకి లేచిపోవచ్చు.

మొదటి పరీక్ష: గాలికి వీపు పెట్టి నిలబడండి

ఒడ్డు మీద గాలికి వీపు పెట్టి నిలబడి ఎదురుగా ఏముందో చూడాలి. అదుపు తప్పితే కైట్ లాక్కెళ్ళేది అటే. ఆ వైపు కనీసం 50 మీటర్లు, కొత్తవాళ్ళకైతే 100 మీటర్ల దాకా చెట్టు, గోడ, కంచె, బండరాయి, మనుషులు, పశువులు ఏవీ ఉండకూడదు. ఉంటే అది కైట్ లేపే చోటు కాదు.. గాలి ఎంత బాగున్నా సరే.

గాలి ఎటు నుంచి రావాలి?

* ఒడ్డు మీద నుంచి నీళ్ళలోకి వీచే గాలి: సముద్రంలో ఇది లోపలికి లాక్కెళ్తుంది. చెరువులో అవతలి ఒడ్డుకు చేరుస్తుంది. అక్కడ ముళ్ళ తుమ్మలో, రాతి కట్టో ఉంటే అంతే సంగతులు.
* నీళ్ళ మీద నుంచి నేరుగా ఒడ్డుకు కొట్టే గాలి: బోర్డు ఎక్కేలోపే మనిషిని ఒడ్డు మీదకు ఈడ్చేస్తుంది.
* నీళ్ళ మీదుగా ఏటవాలుగా ఒడ్డుకు వచ్చే గాలి: ఇదే మంచిది. పక్కకు వెళ్ళే వీలుంటుంది, తేడా వస్తే తిరిగి ఒడ్డుకే చేరుస్తుంది.

చెట్టు వెనక గాలిని నమ్మొద్దు

సముద్రపు గాలి నున్నగా వస్తుంది. చెరువుకు వచ్చే గాలి గుట్టలు, మామిడి తోటలు, కొబ్బరి చెట్లు దాటుకుని వస్తుంది కాబట్టి సుడులు తిరుగుతుంది. అడ్డు ఎంత ఎత్తుంటే దానికి సుమారు 20 రెట్ల దూరం దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. 15 మీటర్ల కొబ్బరి చెట్ల వరస ఉందంటే 300 మీటర్ల వరకు గాలి నిలకడగా ఉండదు. చిన్న చెరువు మొత్తం ఆ దూరంలోనే అయిపోతుంది! ఒక కర్రకు రిబ్బన్ కట్టి పది నిమిషాలు చూస్తే చాలు. రిబ్బన్ ఒకసారి నిటారుగా లేచి, ఇంకోసారి వేలాడిపోతూ, దిక్కులు మారుస్తుంటే ఆ రోజు కైట్ విప్పకపోవడమే మేలు.

కరెంటు తీగలు.. అసలైన గండం

ఐరాల లాంటి పల్లెల్లో చెరువు కింద పొలాలు, పొలాల్లో బోర్లు, బోర్లకు కరెంటు లైన్లు మామూలే. కైట్‌తో కలిపి దారాల ఎత్తు ఎనిమిది అంతస్తుల మేడంత ఉంటుంది. గాలి వెళ్ళే వైపు తీగలు కనిపిస్తే ఇక ఆలోచించాల్సిన పనే లేదు, ఆ చోటు వదిలేయాలి. కైట్ తీగకు చిక్కితే లాగొద్దు. తడిసిన దారం గుండా కరెంటు పాకే ప్రమాదం ఉంది. నడుము పట్టీ నుంచి విడిపించుకుని దూరం జరిగి, విద్యుత్ శాఖ నంబరు 1912కు ఫోన్ చేయాలి.

నీళ్ళ కింద ఏముంది?

కైట్ లేపే చోట నీళ్ళు మోకాలు నుంచి నడుము లోతు ఉంటే మంచిది. కానీ మన చెరువుల్లో ఒండ్రు మట్టి కాళ్ళను పట్టేస్తుంది. మట్టి తవ్విన గుంతలు పైకి కనిపించవు, ఒక్క అడుగు తేడాలో మనిషి లోతు వచ్చేస్తుంది. తుమ్మ మొద్దులు, చేపల వలలు సరేసరి. అందుకే నీళ్ళు లేనప్పుడు చెరువు లోపల ఒకసారి నడిచి చూడాలి. తూము, మొరవ దగ్గర ఎప్పుడూ దిగొద్దు, నీటి లాగుడు అక్కడే ఎక్కువ.

మరి ఐరాల చుట్టుపక్కల కుదురుతుందా?

సూటిగా చెప్పాలంటే కష్టమే. ఇక్కడి చెరువులు వానాధారం. చాలావరకు అక్టోబరు-డిసెంబరు మధ్య వానలతోనే నిండుతాయి, అదే తుపాన్ల కాలం. 2021 నవంబరులో తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు ముప్పు రావడంతో ఊళ్ళే ఖాళీ చేయించాల్సి వచ్చింది. నైరుతి గాలులు వీచే జూన్-సెప్టెంబరులో చూస్తే చాలా చెరువుల్లో నీళ్ళే ఉండవు.

తిరుపతి జిల్లాలోని పులికాట్ సరస్సు మ్యాప్‌లో చూస్తే సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది. విశాలం, లోతు తక్కువ, పక్కనే సముద్రం. కానీ అది ఫ్లెమింగోలు వచ్చే పక్షుల అభయారణ్యం. పెద్ద కైట్ నీడ పడితే పక్షుల గుంపులు బెదిరి లేచిపోతాయి. పైగా అవతల శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఉంది. కాబట్టి ఆ ఆశ వద్దు. నేర్చుకోవాలనుకునేవాళ్ళు శిక్షణ కేంద్రాలున్న తమిళనాడులోని రామేశ్వరం లాంటి చోటికి వెళ్ళడమే సరైన దారి.

కైట్ లేపే ముందు ఇవి చూసుకోండి

* గాలి వెళ్ళే వైపు 50-100 మీటర్లు ఖాళీగా ఉందా?
* కనుచూపు మేరలో కరెంటు తీగలు ఉన్నాయా?
* గాలి నీళ్ళ మీదుగా ఏటవాలుగా వస్తోందా? నిలకడగా ఉందా?
* నీళ్ళ కింద ఏముందో తెలుసా? అవతలి ఒడ్డున దిగే చోటు ఉందా?
* మబ్బు పట్టిందా? గాలివాన ముందు వచ్చే ఒక్క ఈదురుగాలి చాలు.
* హెల్మెట్, లైఫ్ జాకెట్, కైట్‌ను వదిలించే రిలీజ్ పనిచేస్తున్నాయా?
* ఒడ్డున తోడు మనిషి ఉన్నారా? ఫోన్‌కు సిగ్నల్ ఉందా? (అత్యవసర నంబర్లు 112, 108)
* జలవనరుల శాఖ లేదా పంచాయతీ అనుమతి ఉందా?

వీటిలో ఒక్కటి తేడాగా ఉన్నా ఆ రోజుకు కైట్ బ్యాగులోనే ఉండాలి. గాలి రేపు కూడా వస్తుంది.