తెలుగు గ్రామాల్లో హృద్రోగ పరిశోధన: మరణ విచారణ నుండి నివారణ దాకా

వ్యాససంగ్రహం: గుండెజబ్బు పట్టణవాసుల, సంపన్నుల వ్యాధి అనే అభిప్రాయం చాలాకాలం ప్రచారంలో ఉంది. గోదావరి జిల్లాల్లోను, హైదరాబాదు పరిసర గ్రామాల్లోను జరిగిన పరిశోధనలు ఆ అభిప్రాయాన్ని సవరించిన తీరును ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ ఫలితాలను నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె వంటి మత్స్యకార గ్రామాలకు ఏ మేరకు అన్వయించవచ్చునో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హృద్రోగం, ముప్పు కారకాలు, మౌఖిక మరణ విచారణ, గోదావరి జిల్లాలు, జువ్వలదిన్నె.

1. ఉపోద్ఘాతం

"గుండె ఆగి పోయాడు" అన్నది తెలుగునాట తరచుగా వినిపించే మాట. అది మరణం సంభవించిన తీరును చెబుతుంది గాని కారణాన్ని చెప్పదు. ఏ మరణంలోనైనా చివరకు ఆగేది గుండెయే. ఇంటివద్దనే కన్నుమూసినవారికి వైద్యుని ధ్రువీకరణ లభించడం అరుదైన గ్రామాల్లో, ఆ మాట వెనుక ఉన్నది గుండెపోటా, పక్షవాతమా, మరొక వ్యాధా అన్నది తేలకుండానే మరణం నమోదవుతూ వచ్చింది. కారణం తెలియని చోట నివారణకు ప్రణాళిక ఉండదు. కనుక తెలుగు గ్రామాల్లో హృద్రోగ పరిశోధన చరిత్రను మరణ కారణాన్ని అడగడం నేర్చుకున్న చరిత్రగా కూడా చూడవలసి ఉంటుంది.

2. ముప్పు కారకం అనే భావన

వ్యాధి వచ్చాక చికిత్స చేయడం వైద్యానికి పాతదే. వ్యాధి రాకముందే ఎవరికి రాగలదో గుర్తించడం కొత్త. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మంది స్త్రీపురుషులతో ప్రారంభమైన అధ్యయనం ఈ మార్పుకు ఆధారం. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించి, అధిక రక్తపోటు, కొలెస్ట్రాల్ వంటివి భవిష్యత్తులో గుండెజబ్బుకు దారితీసే అవకాశాన్ని పెంచుతాయని పరిశోధకులు నిరూపించారు. 1961 నాటి వారి ప్రచురణతో 'ముప్పు కారకం' అనే భావన వైద్యరంగంలో స్థిరపడింది. అయితే ఆ నిర్ధారణలు ఒక అమెరికన్ పట్టణానికి చెందినవి. వరిపొలాల మధ్య జీవించే ప్రజలకు అవి ఎంతవరకు వర్తిస్తాయన్నది ఇక్కడే తేల్చవలసిన విషయం.

3. గోదావరి జిల్లాల మరణ విచారణ

ఆ పనికి పూనుకున్నది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య పరిశోధన కార్యక్రమం. సిడ్నీలోని జార్జి ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్, కేర్ ఫౌండేషన్, న్యూఢిల్లీలోని దీర్ఘకాలిక వ్యాధుల నియంత్రణ కేంద్రం ఇందులో భాగస్వాములు. నాటి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, 2003-04లో పన్నెండు నెలల మరణాలను వారు నమోదు చేశారు. ఆరోగ్య కార్యకర్తలు మృతుల ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో కనిపించిన లక్షణాలను కుటుంబసభ్యుల నుండి తెలుసుకున్నారు. వైద్యులు ఆ వివరాలను పరిశీలించి కారణాన్ని నిర్ణయించారు. ఇదే మౌఖిక మరణ విచారణ.

ఈ పద్ధతికి ఆధారం బంధువుల మాటయే. ఛాతీ నొప్పి ఎప్పుడు మొదలైంది, ఆయాసం ఎన్నాళ్లు ఉంది, కాలు చెయ్యి పడిపోయాయా, నోరు వంకర పోయిందా అన్న ప్రశ్నలకు వాడుకభాషలో వచ్చిన జవాబులే వైద్యుని చేతిలో సాక్ష్యాలయ్యాయి.

మొత్తం 1,354 మరణాల్లో 98 శాతానికి వివరాలు లభించాయి. వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల వ్యాధుల వల్ల సంభవించినవి. గుండెపోటు వంటి వ్యాధులు, పక్షవాతం దాదాపు సమాన పాళ్లలో ఉన్నాయి. ప్రమాదాలు, ఆత్మహత్యల వంటివి 13 శాతం కాగా, అంటువ్యాధుల వాటా 12 శాతమే. 2006లో ప్రచురితమైన ఈ ఫలితాలు గ్రామీణ ఆరోగ్యమంటే ప్రధానంగా అంటువ్యాధుల నియంత్రణే అన్న అవగాహనను ప్రశ్నించాయి.

4. బాల్యంలో మూలాలు

ముప్పు నడివయసులోనే మొదలవుతుందా అన్న ప్రశ్నకు హైదరాబాదు సమీప గ్రామాలు మరొక కోణాన్ని చూపాయి. 1987-90 మధ్య 29 గ్రామాల్లో పోషకాహార అధ్యయనం జరిగింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది. 14 గ్రామాల్లో అప్పటికి అందలేదు. ఆ పిల్లలు కౌమారానికి వచ్చాక, 2003-05లో తిరిగి పరీక్షించారు. అదనపు ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. వారి ధమనుల బిరుసుదనం తక్కువగా ఉంది, ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉంది. రక్తపోటు, కొలెస్ట్రాల్ విషయంలో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు. 2008లో వెలువడిన ఈ ఫలితాలను బట్టి అంగన్‌వాడీ ఆహారం హృద్రోగ నివారణలో కూడా భాగం కాగలదని భావించవచ్చు.

5. నివారణ ప్రయోగం

2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ ఖరీదైన గుండె శస్త్రచికిత్సలను పేదలకు అందుబాటులోకి తెచ్చింది. అది వ్యాధి వచ్చిన తరువాతి రక్షణ. వ్యాధికి ముందే జోక్యం చేసుకునే ప్రయత్నం గోదావరి ప్రాంతంలోని 44 గ్రామాల్లో జరిగింది. ఒక విధానంలో, వైద్యులు కాని ఆరోగ్య కార్యకర్తలు నిర్దిష్ట సూచనల ప్రకారం పరీక్షించి అధిక ముప్పు ఉన్నవారిని గుర్తించారు. రెండవ విధానం ఆరోగ్య ప్రచారం. 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మొదటి విధానం అమలైన గ్రామాల్లో అధిక ముప్పు ఉన్నవారిలో 63 శాతం మందిని గుర్తించగలిగారు; అది అమలుకాని గ్రామాల్లో 51 శాతం మందినే గుర్తించారు. ప్రచారం వల్ల మాత్రం ప్రజల అవగాహనలో గుర్తించదగిన మార్పు రాలేదు. నివారణను కేవలం గోడరాతలకు, ఉపన్యాసాలకు వదిలివేయరాదని ఈ ఫలితం హెచ్చరిస్తుంది.

6. తీరప్రాంతానికి అన్వయం

పై గ్రామాలు ప్రధానంగా వ్యవసాయాధారమైనవి. నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె సముద్రాన్ని నమ్ముకున్న ఊరు. తీరంలో వేట రాత్రింబవళ్లు సాగుతుంది. నిద్రకు, భోజనానికి నియత వేళలుండవు. ఎండుచేపల నిల్వకు ఉప్పు తప్పనిసరి, అధికంగా తిన్న ఉప్పు రక్తపోటును పెంచుతుంది. తెరచాపను, తెడ్డును నమ్ముకున్న శ్రమ మోటారు పడవలతో మారింది. పైగా పడవ మీద ఛాతీ నొప్పి వస్తే ఒడ్డు చేరేదాకా వైద్యం లేదు. మరోవైపు, తాజా చేప గుండెకు మేలు చేసే ఆహారం. ఇన్ని భిన్నతలున్నందున గోదావరి గణాంకాలను యథాతథంగా ఈ తీరానికి ఆపాదించడం శాస్త్రీయం కాదు. స్వీకరించవలసినది అంకెలను కాదు, అంకెలను రాబట్టిన పద్ధతిని.

7. ముగింపు

ఫ్రామింగ్‌హామ్ ముప్పును ముందుగా గుర్తించవచ్చునని నిరూపించింది. గోదావరి గ్రామాలు ఆ ముప్పు మన వాకిట్లోనే ఉన్నదని చూపాయి. హైదరాబాదు పరిసర గ్రామాలు దాని మూలాలను బాల్యంలో వెదికాయి. జువ్వలదిన్నెలోనూ ఈ క్రమంలో మొదటి అడుగు ఇంటింటి విచారణయే కావాలి. వేటగాళ్లు ఒడ్డున ఉండే వేళలను బట్టి రక్తపోటు పరీక్షలు జరగాలి. 'గుండె ఆగి పోయాడు' అన్న మాట దగ్గర ఆగిపోక, దానికి ముందేం జరిగిందని ఆ ఇంటివారిని వారి మాటల్లోనే అడిగినప్పుడు, ఒక మరణం మిగిలినవారి రక్షణకు పనికివచ్చే జ్ఞానమవుతుంది.